రిపోర్టు వచ్చేదాకా: భయంతో బతికిన రోజుల గురించి

"ఏమీ కాదులే, ధైర్యంగా ఉండు" అని నాతో అన్నవాళ్లందరూ నా మంచి కోరినవాళ్లే. కానీ ఆ మాట నా మీద ఒక్కసారి కూడా పనిచేయలేదు. ఏదైనా కావడానికి నిజంగానే అవకాశం ఉన్న రోజులవి. అక్కకు పెద్దపేగు క్యాన్సర్, మూడో దశ. ఆపరేషన్ అయింది, కీమో అయింది. "ప్రస్తుతానికి ఎక్కడా కనబడటం లేదు, ఇక చెకప్‌లకు వస్తూ ఉండండి" అన్నారు డాక్టరుగారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అసలు భయం అక్కడి నుంచే మొదలైంది. చికిత్స నడుస్తున్నన్నాళ్లూ చేతినిండా పని ఉండేది. ఆ పని ఆగిపోయాక ఎదురుచూడటమే మిగిలింది. సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టారు. ఈసారి ఎవరి వంతో ఎవరికీ తెలియదు.

భయం గురించి చెప్పేవాళ్లు చాలామంది "మనం భయపడేవాటిలో చాలావరకు జరగవు" అంటారు. ఊరికే భయపడేవాళ్లకు అది సరిపోతుందేమో. ప్రమాదం నిజంగానే గుమ్మం దగ్గర ఉన్నవాళ్లకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఇంట్లో పెద్ద జబ్బు ఉన్నవాళ్లు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలనివాళ్లు, కోర్టు తీర్పు కోసమో ఆపరేషన్ తేదీ కోసమో కాచుకుని ఉన్నవాళ్లు చదువుతారనే ఇది రాస్తున్నాను. భయం పూర్తిగా పోయిందని చెప్పడానికి కాదు. అది ఉండగానే తినడం, పడుకోవడం, పనిచేయడం నాకు మళ్లీ ఎలా సాధ్యమైందో చెప్పడానికి.

మా అక్క విషయంలో ఎదురుచూపు అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఈ క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువ కేసుల్లో మొదటి మూడేళ్లలోనే బయటపడుతుంది. అందుకే మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ అనే రక్తపరీక్ష, ఆరు నెలలకో ఏడాదికో సీటీ స్కాన్ చేస్తారు, మధ్యలో కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష, ఉంటుంది. సీఈఏ అంటే ఈ క్యాన్సర్ తిరగబెడితే రక్తంలో పెరిగే అవకాశం ఉన్న ఒక ప్రోటీన్, మాకు మాత్రం కాగితం మీద ఒక అంకె. పొగ తాగనివాళ్లలో సాధారణంగా 3 లోపు ఉంటుంది, 5 దాకా పెద్దగా పట్టించుకోరు. ఒకసారి అక్కది 1.8 వచ్చింది. తర్వాతి పరీక్షలో 2.4. డాక్టరుగారు ఆ కాగితం చూసి "బాగుంది" అని పక్కన పెట్టేశారు. ఆ 0.6 మాత్రం నన్ను వారాల తరబడి వదల్లేదు. ల్యాబు మారితే అంకె మారుతుంది, ఒంట్లో ఎక్కడైనా వాపు ఉన్నా మారుతుంది, ఏమీ లేకపోయినా కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇవన్నీ చదివాను. చదివిన ప్రతిసారీ ఓ పావుగంట మనసు కుదుటపడేది. తర్వాత "కానీ ఒకవేళ..." అని మళ్లీ మొదలు.

రాత్రిళ్లు రెండింటికి మెలకువ వచ్చేది. పక్కన మావారు నిద్రలో ఉంటారు. ఫోన్ వెలుతురు ఆయన మీద పడకుండా దుప్పటి కప్పుకుని వెతుకుతూ ఉండేదాన్ని. మూడో దశ, ఐదేళ్లు, తిరగబెట్టే లక్షణాలు, కాలేయానికి పాకితే. ఒక పేజీలో ధైర్యం ఇచ్చే మాట దొరికితే అది ఎంతవరకు నిజమో చూసుకోవడానికి ఇంకో పేజీ. అక్కడ భయపెట్టే మాట ఉంటే దాన్ని కొట్టిపారేయడానికి మరొకటి. దురద పుట్టినచోట గోకితే ఆ క్షణానికి హాయిగా ఉండి తర్వాత ఇంకా రేగినట్టే ఉండేది ఆ వెతుకులాట. పొద్దున్నే అక్కకు ఫోన్. "నిద్ర పట్టిందా? కడుపులో ఎలా ఉంది? ఆకలి వేస్తోందా?" ఆమె బాగానే ఉన్నానంటే ఆ గొంతులో నీరసం ఉందేమో వెతికేదాన్ని. ఫోన్ పెట్టేశాక బావగారికి విడిగా చేసి, "మీకెలా అనిపిస్తోంది బావగారూ, మొహం పీక్కుపోయిందా?" అని అడిగేదాన్ని. పాపం ఆయన ప్రతిసారీ ఓపిగ్గా జవాబు చెప్పేవారు.

ఒళ్లు కూడా మాట వినడం మానేసింది. మెడ, భుజాలు పట్టేసి ఉండేవి. దవడలు బిగబట్టుకుని పడుకోవడం వల్ల పొద్దున లేచేసరికి తలనొప్పి. తిన్నది అరిగేది కాదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని. చిన్నచిన్న విషయాలకే పిల్లల మీద అరిచేదాన్ని. ఇవన్నీ అలసట అనుకున్నాం ఇంట్లో.

ఒకరోజు ఆఫీసులో మీటింగుకు పిలిచారు. మామూలు మీటింగే. కానీ లోపల కూర్చున్నవాళ్లలో హెచ్‌ఆర్ ఆవిడ కనబడింది. కుర్చీ లాక్కుని కూర్చునేలోపే గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. చేతివేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిరి ఎక్కింది. గాలి చాలడం లేదనిపించి గట్టిగా పీల్చేకొద్దీ ఇంకా ఊపిరి ఆడలేదు. కళ్లముందు ఉన్న మనుషులు ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపించింది. చచ్చిపోతున్నానని నిజంగా నమ్మాను. పక్కనున్న అమ్మాయి నన్ను బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టింది, అక్కడి నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు, గుండెకు ఏమీ లేదన్నారు. ఇక్కడ ఒకమాట గట్టిగా చెప్పాలి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం మొదటిసారి వచ్చినప్పుడు "టెన్షన్ వల్లేలే" అని ఇంట్లో కూర్చోకూడదు. గుండె జబ్బు లేదని తేల్చాల్సింది డాక్టరే. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇలాగే దడ, వణుకు, చెమటలు, నిద్రలేమి ఉంటాయి, అందుకే ఆ పరీక్ష కూడా చేస్తారు. నా థైరాయిడ్ బాగానే ఉంది. కాఫీ ఎన్నిసార్లు తాగుతారని అడిగారు. నిద్ర చాలక రోజంతా కాఫీ మీదే నడుస్తున్నానని అప్పుడే లెక్కకొచ్చింది. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం తాగింది అర్ధరాత్రి కూడా లోపల పనిచేస్తూనే ఉంటుంది.

ఆ డాక్టరుగారు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో ఎంత తరచుగా ఆందోళనగా అనిపించింది, చింతను ఆపుకోలేకపోయారా, ఏదో ఘోరం జరగబోతోందని భయమేసిందా, ఇలా ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. 2006లో వచ్చిన ఈ ప్రశ్నపత్రాన్ని జీఏడీ-7 అంటారు. మొత్తం 21కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మానసిక వైద్యుల్ని కలవమంటారు, 15 నుంచి తీవ్రంగా ఉన్నట్టు. నాది తీవ్రమైన వాటిలోకే వచ్చింది. విచిత్రంగా, ఆ కాగితం చూశాక నాకు కొంత ఊరట కలిగింది. నా ఒక్కదానికే వచ్చిన పిచ్చి కాదిది, అందరినీ అడగడానికి ప్రశ్నలు తయారుచేసి పెట్టుకున్నారంటే చాలామందికి ఉన్నట్టే కదా అనిపించింది. నిజంగానే చాలామందికి ఉంది. 2019లో ప్రపంచంలో 30 కోట్లకు పైగా జనం ఆందోళన సంబంధిత రుగ్మతలతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లడానికి నాకు పెద్దగా మొహమాటం లేకపోయింది. కానీ ఒక సందేహం ఉండేది. నా భయం ఉత్త ఊహ కాదు కదా, ఆవిడ ఏం చేయగలదు? మొదటి రోజే అదే అడిగాను. ఆవిడ కాసేపు ఆగి, "మీ అక్కగారికి ఏమీ కాదని నేను చెప్పలేనండి. నాకు తెలియదు, మీకూ తెలియదు, ఆ డాక్టరుగారికి కూడా తెలియదు. తెలియకుండానే రోజు ఎలా గడపాలో మాత్రం మనం నేర్చుకోవచ్చు" అన్నారు. అప్పటిదాకా అందరూ నా భయాన్ని తీసేయాలని చూసినవాళ్లే. అది నిజమేనని ఒప్పుకుని, ఆ తర్వాత సంగతి మాట్లాడిన మొదటి మనిషి ఆవిడ. ఆ రోజు అక్కడ కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

మీటింగు గదిలో నాకేమైందో ముందు వివరించారు. ప్రమాదం కనిపించగానే ఒళ్లు పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది. వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని 1915లోనే రాశారట. అడ్రినలిన్ విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలకు రక్తం ఎక్కువ వెళ్తుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. నాకు తిన్నది అరగకపోవడానికి కారణం అదే. కంగారులో గబగబా గాలి పీలుస్తాం కాబట్టి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దానివల్లే వేళ్లలో తిమ్మిరి, తల తిరగడం, ఊపిరాడనట్టు ఉండటం. అంటే గాలి చాలక కాదు, ఎక్కువ పీల్చడం వల్ల. ఈ ఒక్క సంగతి తెలియడం నాకు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. ఇలాంటి దాడి నిమిషాల్లోనే పతాకస్థాయికి వెళ్లి, దానంతటదే దిగుతుంది. దిగేదాకా దానితో కుస్తీ పట్టకుండా ఉండగలిగితే చాలు.

దానికోసం ఆవిడ నాతో చేయించిన పని మొదట వింతగా అనిపించింది. అక్కడే మెట్లు గబగబా ఎక్కించి దిగించారు. గుండె దడదడలాడుతుంటే కూర్చోబెట్టి, "ఇప్పుడు ఒంట్లో ఏమేం జరుగుతోందో చెప్పండి" అన్నారు. దడ, చెమట, ఆయాసం, కాళ్లలో వణుకు. ఆ రోజు వచ్చినవే. ఈసారి చచ్చిపోతున్నానని మాత్రం అనిపించలేదు. ఇంట్లో కూడా చేయమన్నారు. కొన్ని వారాలు అలా చేశాక గుండె వేగంగా కొట్టుకుంటే అదిరిపడటం తగ్గింది. కొట్టుకుంటోంది, సరే, కాసేపట్లో తగ్గుతుంది అనుకోవడం ఒంటికే అలవాటైంది. గుండె జబ్బో, ఉబ్బసమో, గర్భమో ఉన్నవాళ్లు మాత్రం ఇది సొంతంగా చేయకూడదు, డాక్టరును అడిగాకే.

ఇక అసలు సమస్య. నాకు తెలియాలి. ఏమవుతుందో ఇప్పుడే తెలియాలి. ఈ తపనే నన్ను తినేస్తోందని ఆవిడ మెల్లగా చూపించారు. అప్పటికి నా ఉద్యోగం సంగతి తేలిపోయింది. తీసేసినవాళ్ల జాబితాలో నా పేరు ఉంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మావారికి చెప్పి, ఇద్దరం లెక్కలు వేసుకుని పడుకున్నాం. ఎన్నో వారాల తర్వాత ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను. ఉద్యోగం పోయిన రాత్రి నిద్ర పట్టడమేమిటని నాకే అర్థం కాలేదు. ఆవిడకు చెబితే ఒక ప్రయోగం గురించి చెప్పారు. 2016లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు చేశారు. మనుషుల్ని కంప్యూటర్ ఆట ఆడమన్నారు. తెర మీద రాళ్లు ఉంటాయి, రాయి కింద పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాక్. షాక్ కచ్చితంగా తగులుతుందని తెలిసినప్పటి కంటే, తగలొచ్చు తగలకపోవచ్చు, సగానికి సగం అన్నప్పుడే వాళ్ల ఒత్తిడి ఎక్కువగా ఉందట. చెమట, కంటిపాప విప్పారడం కొలిచి మరీ చూశారు. చెడు జరగడం కంటే అది జరుగుతుందో లేదో తెలియకపోవడాన్ని ఒళ్లు ఎక్కువ బాధగా తీసుకుందన్నమాట. నా ఉద్యోగం పోవడం దెబ్బే. పోతుందేమో అన్న నెలలు అంతకంటే పెద్ద దెబ్బ. తర్వాత తక్కువ జీతానికి ఇంకో ఉద్యోగం దొరికింది, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు.

అక్క విషయంలో తేలడమంటూ ఉండదు. ఏళ్లు గడవాలి, అంతే. కాబట్టి నేను మార్చుకోవాల్సింది చీటికీమాటికీ సరిచూసుకునే అలవాటు. వెతకడం, అడగడం, గొంతులో నీరసం పట్టుకోవడం, పాత రిపోర్టులు తీసి మళ్లీ చదవడం. చేసిన ప్రతిసారీ భయం కాసేపు తగ్గుతుంది కాబట్టి, చేయకపోతే తట్టుకోలేనని మనసు నమ్మేస్తుంది. దాన్ని ఆపడం నేను చేసిన పనులన్నిటిలో కష్టమైంది. ఊపిరి వ్యాయామాలు, నడక, ఇవన్నీ దీని ముందు తేలిక.

మొదట అక్కతో కూర్చుని మాట్లాడాను. నా ఫోన్ల వల్ల తనెలా ఉందో అప్పుడే విన్నాను. "నీ పేరు కనబడగానే భయమేస్తోందే. మళ్లీ నా కడుపు గురించి అడుగుతావు. ఒక్కరోజు మామూలుగా మాట్లాడకూడదూ?" అంది. డాక్టరుగారిని అడిగి, వెంటనే ఫోన్ చేయాల్సిన లక్షణాలు రాయించుకున్నాం. మలంలో రక్తం, తగ్గకుండా ఉండే కడుపునొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, విరేచనాల తీరు మారి అలాగే కొనసాగడం. ఆ కాగితం అక్క దగ్గరే ఉంది. వాటిలో ఏది కనబడినా తను చెబుతుంది, నేను అడగను. ఇదీ మా ఒప్పందం. దీనివల్ల అక్క దగ్గే దగ్గుకూ, ఆవులించే ఆవులింతకూ అర్థం వెతకాల్సిన పని నాకు తప్పింది. మొదటి వారం ఫోన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. చేయకుండా ఉన్నకొద్దీ భయం పెరిగి పెరిగి, ఒక చోట ఆగి, నేను ఏమీ చేయకుండానే దిగేది. దాని దారిన అది దిగుతుందని కళ్లారా చూశాకే నాకు నమ్మకం వచ్చింది. ఎవరో చెబితే వచ్చే నమ్మకం కాదది.

మావారికి కూడా సైకాలజిస్టుగారు ఒక పని అప్పగించారు. నేను "ఏమీ కాదు కదా?" అని అడిగితే "కాదు" అని చెప్పకూడదు. "భయంగా ఉందా? రా, కాసేపు కూర్చుందాం" అనాలి. ఆయనకు ఇది చాలా కష్టంగా ఉండేది, నన్ను ఊరడించకపోతే తప్పు చేస్తున్నట్టు అనిపించేదట. కానీ ఊరడింపు దొరకనప్పుడు నేను మళ్లీ మళ్లీ అడగడం తగ్గింది. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. కసిరితే బాధ పెరుగుతుంది, ప్రతిసారీ హామీ ఇస్తే అలవాటు పెరుగుతుంది. పక్కన కూర్చోవడం రెండూ కాదు.

చింతలన్నిటినీ రోజంతా మోయకుండా ఒక సమయానికి వాయిదా వేయమన్నారు. థామస్ బోర్కోవెక్ అనే సైకాలజిస్టు 1980లలో పరీక్షించి చూసిన పద్ధతట ఇది. రోజూ ఒకే సమయం, ఒకే చోటు, అరగంట. పడుకునే ముందు మాత్రం కాదు. నాది సాయంత్రం ఆరున్నర, కిటికీ పక్క కుర్చీ. మిగతా సమయంలో ఏ భయం వచ్చినా నోట్‌బుక్‌లో ఒక ముక్క రాసి, ఆరున్నరకు చూద్దాం అనుకోవడం. ఆలోచించొద్దు అనుకుంటే నా వల్ల అయ్యేది కాదు, తర్వాత ఆలోచిద్దాం అంటే మనసు ఒప్పుకుంది. ఆరున్నరకు తీసి చూస్తే సగం అప్పటికే చప్పబడిపోయి ఉండేవి.

మిగిలినవాటికి పక్కన ఇంకో గడి. ఇవాళ చేయగలిగింది ఏమైనా ఉందా? "ఇంటి లోను కట్టలేకపోతే" అన్నదాని పక్కన, బ్యాంకుకు వెళ్లి వాయిదాల గురించి అడగాలి, సోమవారం అని ఉంది. "అక్క ఇన్సూరెన్స్ గడువు దాటిపోతుందేమో" పక్కన, బావగారికి మెసేజ్ పెట్టాలి, ఇప్పుడే. "తిరగబెడితే అక్క పిల్లలు ఏమైపోతారు" పక్కన చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. చివరికి "ఇవాళ ఏమీ లేదు" అని రాశాను. ఆ నోట్‌బుక్‌లో ఆ మూడు మాటలు ఎన్ని చోట్ల ఉన్నాయో. అలా రాయడం ఓడిపోయినట్టు ఉండేది మొదట్లో. పోనుపోను అదే నాకు కాస్త వెసులుబాటు ఇచ్చింది. చేయాల్సింది ఉంటే చేస్తున్నాను, లేనప్పుడు నేను భయపడటం మానేసినంత మాత్రాన అక్కను వదిలేసినట్టు కాదు. నా భయమే అక్కను కాపాడుతోందని లోలోపల ఎక్కడో అనుకుంటూ వచ్చానని కూడా ఆ కుర్చీలోనే తెలిసింది.

మందుల గురించి కూడా చెప్పాలి, దాచాల్సింది ఏమీ లేదు. సైకియాట్రిస్టు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మాత్ర ఒకటి రాశారు, ఆందోళనకూ డిప్రెషన్‌కూ రోజూ వేసుకునే రకం. మొదటి వారం వికారం, కాస్త ఎక్కువ కంగారు. ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నాను. ఈ మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, రెండు రోజుల్లో తేడా లేదని మానేయకూడదు. బాగున్నాం కదా అని సొంతంగా ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే, మెల్లగా తగ్గిస్తారు. "మత్తుకు అలవాటుపడిపోతావు" అని చుట్టాలు భయపెట్టారు. వెంటనే నిద్రమత్తు ఇచ్చి శాంతపరిచే వేరే రకం మాత్రలు ఉన్నాయి, అలవాటయ్యే ప్రమాదం వాటికి ఎక్కువ, అందుకే డాక్టర్లు వాటిని కొద్దిరోజులకే ఇస్తారు. రెండింటినీ కలిపేసి మందు మానిపించడం మంచిది కాదు. మందు నా భయానికి కారణాన్ని తీసేయలేదు. నేను కూర్చుని నేర్చుకోగలిగేంత స్థాయికి దాన్ని దించింది.

ఊపిరి సంగతి క్లుప్తంగా. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. నిమిషానికి ఆరు ఊపిరులు అవుతాయి. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. భయం ముంచుకొచ్చాక మొదలుపెట్టడం కంటే, రోజూ మామూలుగా ఉన్నప్పుడు చేసి ఉంటేనే అది అక్కరకు వస్తుంది. సాయంత్రం నడక, మధ్యాహ్నం దాటాక కాఫీ మానడం, ఫోన్‌ను పడకగది బయట ఛార్జింగ్ పెట్టడం. ఇవి అందరూ చెప్పేవే. వీటిలో ఫోన్ బయట పెట్టడం నాకు అన్నిటికంటే మేలు చేసింది.

ఇదంతా ఎంత పట్టుబడిందో తేలే రోజు వచ్చింది. ఒక సీటీలో అక్క ఊపిరితిత్తిలో నాలుగు మిల్లీమీటర్ల మచ్చ కనబడింది. అలాంటి చిన్న మచ్చలు చాలామందికి ఉంటాయి, ఎక్కువ భాగం ఏ హానీ లేనివే. కానీ క్యాన్సర్ వచ్చినవాళ్లలో వదిలేయలేరు. ముక్క తీసి పరీక్షించడానికి మరీ చిన్నది. "మూడు నెలలాగి మళ్లీ స్కాన్ చేద్దాం" అన్నారు. మూడు నెలలు! కారిడార్‌లో బావగారు గోడకానుకుని నిలబడిపోయారు. అక్క నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఆరున్నరకు ఏడుద్దువుగానీ, ముందు ఇంటికి పోదాం పద" అంది. అందరం అక్కడే నవ్వేశాం, ఏడుస్తూనే.

ఆ మూడు నెలలూ నేను బాగున్నానని చెప్పను. రాత్రిళ్లు మెలకువ వచ్చేది. ఊపిరితిత్తి మచ్చల గురించి వెతకాలని చేతులు లాగేవి, ఒకట్రెండుసార్లు వెతికాను కూడా. అయినా పనికి వెళ్లాను. పిల్లల పరీక్షలకు పక్కన కూర్చున్నాను. అక్కను వాళ్ల అబ్బాయి ఆడే మ్యాచ్‌కు తీసుకెళ్లాను, అక్కడ రెండు గంటలు మచ్చ గుర్తురాలేదు, గుర్తొచ్చినప్పుడు కూడా లేచి వచ్చేయలేదు. మునుపైతే భయం తగ్గాక ఇవన్నీ చేద్దాంలే అని వాయిదా వేసేదాన్ని. ఇప్పుడు భయం నాతోపాటే వచ్చింది, నేను చేయాల్సినవి చేశాను. ఈ తేడా బయటివాళ్లకు కనబడదు, నాకు మాత్రం కొండంత.

రెండో స్కాన్ రిపోర్టు ఆన్‌లైన్‌లో డాక్టరును కలవడానికి ముందురోజు రాత్రే వచ్చేసింది. దాన్ని తెరవకూడదని ముందే అనుకున్నాం, పాస్‌వర్డ్ బావగారు మార్చేసి ఎవరికీ చెప్పలేదు. రిపోర్టులో ఉండే వైద్యభాషకు అర్ధరాత్రి సొంతంగా అర్థాలు తీసుకోవడం ఎంత నరకమో అంతకుముందు చవిచూశాం. మర్నాడు డాక్టరుగారి ముందే తెరిచాం. మచ్చ పెరగలేదు. పోలేదు కూడా. "ఇంకోసారి చూద్దాం" అన్నారు.

ఒక విషయం మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. భయం వారాల తరబడి నిద్రను, తిండిని, పనిని దెబ్బతీస్తుంటే, తట్టుకోవడానికి మద్యం తాగడం మొదలైతే, బతకడం ఎందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంక ఆగొద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అక్కడ ఏం చెప్పాలో తెలియకపోతే రాసుకుని వెళ్లండి. నేను మొదటిసారి కాగితం చూసి చదివాను, ఎవరూ ఏమీ అనుకోలేదు.

వచ్చే నెల అక్కకు మళ్లీ సీటీ ఉంది. ఈసారి స్కాన్‌కూ డాక్టరును కలవడానికీ మధ్య వారం గ్యాప్ లేకుండా, ఒకే వారంలో అయ్యేలా తేదీలు అడిగి తీసుకున్నాం. ఆసుపత్రుల్లో అడిగితే చాలాసార్లు కుదురుస్తారు, మేమే ఇన్నాళ్లూ అడగలేదు. పొద్దున మొదటి అపాయింట్‌మెంటే తీసుకున్నాను, రోజంతా కాచుకుని కూర్చోనక్కర్లేకుండా. ముందురోజు రాత్రి అక్క మా ఇంట్లోనే పడుకుంటుంది. స్కాన్ గురించి ఎవరైనా మాట్లాడాలంటే ఆరున్నర నుంచి ఏడు లోపే.